పెరటితోట: మా అత్తగారి బీరవిత్తులు

మాఘమాసము వచ్చినది. చలి వెనుదీయుచున్నది. చిక్కుడుపందిరి కడపటి కాపునకు వచ్చినది. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో సూర్యభగవానుని రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించిన పిమ్మట మన పెరటిలో ఒక ఋతువు ముగిసి మఱియొక ఋతువు మొదలగును. వసంతమనగా చైత్రవైశాఖములని పంచాంగము చెప్పును. కాని తోట పెంచు ఇల్లాలికి వసంతము మాఘముననే ఆరంభము. చైత్రమున కాయ కోయగోరువారు మాఘమున విత్తు నాటవలెను.

ఈ నడుమ నాకు వచ్చిన జాబులలో పెక్కింటి సారము ఒక్కటే. "ఉగాది మంచిదినమని పాదులు పెట్టితిమి. తీగ యేపుగా ప్రాకినది. పూవులు విరివిగా పూచినవి. పిందె మాత్రము ఒక్కటియు నిలువలేదు. కారణమేమి?" అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు రెండు మాటలలో సమాధానము చెప్పవచ్చును. కాని నా పెరటిలో నేను చేసిన తప్పును దాచక చెప్పినచో మీకు ఎక్కువ ఉపకరించునని తోచినది. ఆ తప్పువలన మా యింట నలువది సంవత్సరములకు పైగా నిలిచిన బీరవిత్తు నశింపబోయి, వెండ్రుకవాసిలో తప్పినది.

మాది పల్నాటిసీమ. ఇంటివెనుక రెండు సెంట్ల పెరడు, ఒక నుయ్యి కలవు. నేల నల్లరేగడి. వానకు జిగటగా కాలికి అంటుకొనును. ఎండకు నెఱ్ఱెలు విచ్చును. మా అత్తగారు కాపురమునకు వచ్చినప్పుడు పుట్టింటినుండి ఒక బీరకాయ తెచ్చుకొనిరట. అది కూరకు కాదు, విత్తునకు. ఆ కాయ మూరెడు పొడవు, లేత యాకుపచ్చ రంగు. ముదిరినను గింజ గట్టిపడుటకు కొంత జాగు చేయును. చెక్కుతీసిన తొక్కుతో పచ్చడి, లోపలి కండతో పప్పు, రెండును రుచియే. ఏటేట మొదటి కాపులో మంచి కాయను రెండింటిని ఎంచి, ఎఱ్ఱనూలు కట్టి, "ఇవి మనవి కావు" అనెడివారు. పిల్లలు సహితము వానిని ముట్టెడివారు కారు. అవి తీగమీదనే ఎండి, కదలించిన గలగల మ్రోగిన పిమ్మట కోసి వంటింటి చూరునకు వ్రేలాడగట్టెడివారు. కొన్ని విత్తులను బూడిదలో కలిపి చిన్న కుండలో పోసి మూతికి గుడ్డ కట్టెడివారు. దూరపు బంధుత్వమును బీరకాయపీచు చుట్టఱికమని లోకము వేళాకోళము చేయును. మా యింట మాత్రము అత్తకోడండ్ర చుట్టఱికము బీరకాయమీదనే నిలిచినదని చెప్పవలెను. నాకు మన్ను త్రవ్వుట, పాదు చేయుట, పిందెను గుర్తించుట నేర్పినది ఆమెయే.

2022వ సంవత్సరము కార్తికమున ఆమె కాలధర్మము నొందిరి. మఱుసటి మాఘమున ఇంట పని మీదబడి, నేను కుండ దింపి చూడక, అంగడినుండి సంకర రకపు విత్తనపొట్లము తెప్పించి నాటితిని. కాపు బాగుగనే వచ్చినది. మనస్సు సంతోషించినది. ఆ కాయలలోనే రెండింటిని ముదరనిచ్చి విత్తు తీసి దాచితిని. అత్తగారి కుండ చూరుక్రిందనే యుండెను. ఆ వేసవిలో దాని మూతిగుడ్డ చినిగినది. వానకాలమున పెంకుసందున కారిన నీరు అందులో పడుచుండెను. నేను చూడలేదు.

2024వ సంవత్సరమున ఆ సంకరపు కాయల విత్తు నాటగా ఒక్క పాదునకు ఒక్క తీరు కాయలు కాచినవి. ఒకటి పొట్టి, ఒకటి బోడి, ఒకటి నాలుకపై పెట్టరాని చేదు. ఆ వైశాఖమున మా ఆడబిడ్డ పిల్లలతో పుట్టింటికి వచ్చినది. భోజనముల వేళ పళ్ళెము ముందు కూర్చుండి, "వదినా, అమ్మ బీరపచ్చడి చేయవూ? ఏడాదిగా నోరూరుచున్నది" అన్నది. నేను మాటాడలేకపోతిని. మా వారు తల వంచుకొని భోజనము చేయుచుండిరి. ఆమెయు నా మొగము చూచి మఱల అడుగలేదు. అడిగి యుండిన ఇంత బాధ కలుగకపోవును. తల్లి లేని పుట్టింట తల్లిచేతి రుచియైన నుండునని వచ్చిన బిడ్డకు అదియు లేకుండ చేసితినే యని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవాఱగనే కుండ దింపి చూచితిని. బూడిద ముద్దకట్టి యుండెను. విత్తులు పెక్కు బూజుపట్టి, పురుగు తొలిచి, గుల్లలైనవి. నీటిలో వేయగా తేలినవానిని పాఱవేసి, మునిగినవానిని లెక్కించితిని. తొమ్మిది మిగిలినవి.

ఇచ్చట రెండవ తప్పు చేసితిని. ఆతురపడి ఆ వైశాఖమునందే నాలుగు విత్తులు నాటితిని. రెండు మొలచినవి. బిందెలకొలది నీరు పోసితిని. తీగలు ప్రాకి, సాయంకాలమున పసుపురాసులవలె పూచినవి. ఒక్క పిందె లేదు. అంతలో నుయ్యి అడుగంటినది. త్రాగునీటికే చేంతాడు చాలనప్పుడు పాదులకు ఎక్కడిది? రెండు తీగలును మాడిపోయినవి. నా చేతిలో ఐదు విత్తులు మిగిలినవి. ఉగాదికి విత్తి విచారించు సోదరీమణులకు సమాధానము ఇదియే. బీర, సొర, దోస, కాకర, పొట్ల మొదలగు తీగలయందు మగపూవులు వేఱు, ఆడుపూవులు వేఱు. ఆడుపూవు క్రింద చిన్న పిందె పుట్టుకతోనే యుండును. మగపూవునకు సన్నని కాడ మాత్రమే. మొదట మగపూవులు పూచి, కొన్ని దినములకు ఆడుపూవులు వచ్చుట సహజము. కాని పగటి నిడివియు ఎండవేడిమియు పెరిగినకొలది మగపూవులు హెచ్చి, ఆడుపూవులు తగ్గును. కావున చైత్రాంతమున విత్తిన తీగ ఆకును పూవును చూపును గాని కాయను చూపదు. ఇది దిష్టి కాదు, మీ హస్తవాసి లోపమును కాదు, కాలము దాటుటయే.

మిగిలిన ఐదు విత్తులను ఎండబెట్టి, గాజుసీసాలో కొంచెము పొడిబూడిదతో పోసి, మూత బిగించి, దేవునిగూటిలో పెట్టితిని. 2025వ సంవత్సరము రథసప్తమినాడు నాటితిని. అప్పుడు చేసిన పద్ధతిని క్రమముగా చెప్పెదను. ఈ మాఘమున మీరును అట్లే చేయవచ్చును.

మొదటిది నేల. నాటుటకు పదిదినములు ముందుగా అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గల గుంట త్రవ్వి ఎండనీయవలెను. పిదప బాగుగా చివికిన పశువుల ఎరువును పైమంటితో సగపాలు కలిపి నింపవలెను. పచ్చిపేడ వేయరాదు, వేడిమి పుట్టి వేరు చెడును, చెదలు చేరును. గుంటకు గుంటకు ఐదాఱడుగుల ఎడము కావలెను. మేడమీద పెంచువారు పెద్ద గోనెసంచిలో గాని, అడుగున రంధ్రములు గల తొట్టిలో గాని నాటుకొనవచ్చును. ఎంత పెద్ద తొట్టియైన అంత మేలు.

రెండవది విత్తు. విత్తును రాత్రి నీటిలో నానబెట్టి, మఱునాడు తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట నుంచవలెను. తెల్లని మొలక ముక్కు చూపగనే అంగుళము లోతున నాటవలెను. విత్తులు సమృద్ధిగా నున్నచో గుంటకు నాలుగు నాటి, మొలచిన పిమ్మట బలమైన రెంటిని నిలిపి తక్కినవి తీయవలెను. నాకు ఆ సౌఖ్యము లేదు గనుక గుంట కొకటి చొప్పున నాటితిని. ఐదింట మూడు మొలచినవి.

మూడవది కావలి. మొలక రెండాకులు విచ్చునప్పటినుండి నాలుగాకుల వఱకు ఎఱ్ఱని పెంకుపురుగు దానికి శత్రువు. ఒక్క ఉదయమున అది నా మూడు మొలకలలో ఒకదానిని జల్లెడచేసి చంపినది. అటుపిమ్మట ప్రతిదినము తెల్లవాఱుజామున దీపము పట్టుకొని పోయి, చలికి మందముగానున్న పురుగులను చేతితో ఏరి సబ్బునీటిలో వేసితిని. ఆకులు మంచుతో తడిసియున్నప్పుడు జల్లించిన కట్టెబూడిద పలుచగా చల్లితిని. పేను, పచ్చదోమ కనబడినచో వేపగింజల కషాయము మేలు. లీటరు నీటికి ఏబది గ్రాముల వేపపప్పు పొడి రాత్రి నానబెట్టి, ఉదయమున వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, ఎండ చల్లబడిన పిమ్మట చల్లవలెను. ఒక హెచ్చరిక: గంధకము మంచిదని కొందఱు చెప్పుదురు. తీగకూరలపై దానిని చల్లరాదు, ఆకు మాడిపోవును.

నాలుగవది నీరు. కణ్వాశ్రమమున శకుంతల చెట్లకు నీరు పోయక తాను త్రాగలేదని కాళిదాసు చెప్పినది మనము చదివినదే. ఆమెకు మాలినీనది ప్రక్కనే యున్నది. మనకు నుయ్యి వైశాఖమున ఏమి చెప్పునో తెలియదు. కావున వసంతమున తోట వేయునది విత్తును బట్టి కాదు, నీటిని బట్టి. వేసవిలో దినమునకు ఎన్ని బిందెలు తోటకు వదలగలమో ముందుగా ఎంచి, అన్ని పాదులే పెట్టవలెను. ఎనిమిది పాదులు మాడిపోవుటకంటె రెండు పాదులు పండుట మేలు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వ్యర్థము చేయరాదు. సబ్బునీరు మాత్రము పోయరాదు. పాదుచుట్టును నాలుగు వ్రేళ్ళ మందమున వరిగడ్డి గాని ఎండుటాకులు గాని పఱచినచో తేమ నిలుచును, రేగడి విచ్చదు. మొదలునకు జానెడు దూరమున మెఱుగులేని మట్టికుండను మెడవఱకు పాతి నీరు నింపి మూతపెట్టినచో, అది మెల్లమెల్లగా ఊరి వేరునకు అందును. నేను రెండు పాదులకును ఇట్లే కుండలు పాతితిని. నీరు ఉదయమునగాని సాయంకాలమునగాని పోయవలెనే గాని మండుటెండలో పోయరాదు.

ఐదవది పందిరి. బీరను నేలపై ప్రాకనిచ్చిన కాయ వంకర తిరుగును, మంటికి తగిలి కుళ్ళును. ఆఱడుగుల ఎత్తున పందిరి వేసి, పురికొస ఆసరాగా తీగను పైకెక్కింపవలెను. పందిరినీడలో తోటకూర, పాలకూర వేసికొన్నచో ఎండదెబ్బ తగులదు.

ఫాల్గుణమాసమున మగపూవులు వచ్చినవి. పదిదినములకు మొదటి ఆడుపూవు కనబడినది. బీరపూవు సాయంసంధ్యలో విచ్చును. "బీరపూవు విచ్చినది, దీపము పెట్టు" అని మా అత్తగారు నన్ను పిలిచెడివారు. ప్రక్క పెరటివారు పొట్లపు బీర వేసియున్నారు. తేనెటీగయు రాత్రి తిరుగు చిమ్మటయు ఆ పుప్పొడిని తెచ్చినచో మా విత్తు మఱల కలుషితమగును. అందుచేత విత్తునకు ఎంచిన ఆడుమొగ్గను, మఱియొక తీగమీది మగమొగ్గను మధ్యాహ్నముననే పలుచని గుడ్డసంచులతో కప్పితిని. దీపములవేళ సంచులు విప్పి, ఒక తీగ మగపూవును కోసి ఱెక్కలు తీసి, రెండవ తీగ ఆడుపూవు నడిమి బొడిపెపై మెల్లగా రాచి, మఱల సంచి కట్టితిని. పిందె నిలిచి పెరుగసాగిన పిమ్మట సంచి తీసి ఎఱ్ఱనూలు కట్టితిని. ఇట్లు తీగకొక కాయ చొప్పున విత్తునకు వదలితిని. తేనెటీగలు రాని మేడలమీద కాయ నిలుపుటకును ఈ పద్ధతియే. సొరపూవు సాయంకాలము విచ్చును. గుమ్మడి, కాకర తెల్లవాఱుజామున విచ్చును. ఆయా వేళలకు చేయవలెను.

విత్తుకాయ తీగమీద ముదురుచున్నంతకాలము తక్కిన కాపు కొంత తగ్గును. ఇది తెలిసియే చేయవలెను. శ్రీరామనవమికి కూరకు మొదటి కాయ చేతికి వచ్చినది. మా చిన్నవాడు ఎఱ్ఱనూలు కట్టినదానిని చూపి, "అమ్మా, అదే పెద్దది, అది కోయరాదా?" అని అడిగినాడు. "అది మనది కాదు నాయనా" అంటిని. ఆ మాట నా నోట వచ్చిన పిదపగాని అది ఎవరి మాటయో నాకు స్ఫురింపలేదు.

ఇక తక్కిన కూరలనుగూర్చి క్లుప్తముగా చెప్పెదను. బెండను ఈ మాసముననే అడుగున్నర ఎడము వరుసలలో, మొక్కకు మొక్కకు ముప్పాతిక అడుగు దూరమున నాటవలెను. ఏబదిదినములలోపల కాయ వచ్చును. ఆకుల ఈనెలు పసుపుపచ్చబడిన మొక్కను వెంటనే పెఱికి కాల్చివేయవలెను. తెల్లదోమ ఆ తెగులును ప్రక్క మొక్కకు మోసికొనిపోవును. బెంగుళూరు ఉద్యానపరిశోధనసంస్థవారి అర్క అనామిక రకము ఈ తెగులునకు కొంత తట్టుకొనును. గోరుచిక్కుడు ఎండకు వెఱవదు, నీరు తక్కువ కోరును, నేలకు సారమిచ్చును. నీరు కొఱతగానున్న ఇండ్లకు అదియే చుట్టము. తోటకూర విత్తును ఇసుకతో కలిపి పదునైదు దినముల కొకసారి కొంచెము కొంచెముగా చల్లినచో, నెలకెల్ల లేత కూర అందుచుండును. గోంగూర, బచ్చలి ఎండకు నిలుచును. టమాటను ఇప్పుడు క్రొత్తగా నాటవలదు. పగటి వేడిమి 35 డిగ్రీలు దాటిన పిమ్మట పూత రాలును. పందిరిచిక్కుడు నాటు రకములు చలికాలపు చిన్న పగళ్ళకే పూచును. ఇప్పుడు వాని విత్తు దాచుటయే పని.

ఒక ముఖ్యవిషయము మఱువరాదు. విడిచిన విత్తునుండి మొలచిన సొర, బీర, దోసలయందు చేదుకాయ కాయుట కలదు. వండుటకు ముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడుడు. చేదుగా నున్నచో ఉమిసి ఆ కాయను పాఱవేయుడు. మందని చేదు సొరరసము త్రాగి ప్రాణాపాయము తెచ్చుకొన్నవారును కలరు.

సంకర విత్తనములను నేను నిందించుట లేదు. ఎక్కువ కాపు కోరువారు వానిని కొనవచ్చును. అయితే ఏటేట కొనవలసినదే. వాని కాయనుండి తీసిన విత్తు తల్లిని పోలదు; నా పెరడే సాక్ష్యము. విత్తు దాచుకొనదలచినవారు సూటి రకములను అడిగి తీసికొనవలెను. బీరలో జగిత్యాల లాంగ్, అర్క సుమీత్ అట్టివి. అంతకంటె మేలు మీ యింట, మీ అమ్మగారింట, మీ వీధిలోని వృద్ధురాలింట నున్న నాటు విత్తును అడుగుట. అడుగుటకు సిగ్గుపడకుడు, ఆమె అడుగువారి కొఱకే చూచుచుండును.

విత్తు దాచు విధమిది. బీర, సొర తీగమీదనే ఎండవలెను. దోస, గుమ్మడి బాగుగా పండిన పిదప విత్తు తీసి, కడిగి, బూడిద రాచి, నీడలో ఆఱబెట్టవలెను. గింజను విఱిచిన పుటుక్కున విఱుగవలెను గాని వంగరాదు. సీసామీద కూరపేరును, సంవత్సరమును వ్రాసి అంటింపవలెను. ఏటా ఆషాఢమున ఒకసారి, కార్తికమున ఒకసారి మూత విప్పి చూడవలెను. నేను చూడనిది ఈ ఒక్కటియే.

2025వ సంవత్సరము వైశాఖమున మా ఆడబిడ్డ మఱల వచ్చినది. ఈసారి ఆమె ఏమియు అడుగలేదు. నేను చేసిన పచ్చడి వడ్డించితిని. మొదటి ముద్ద నోట పెట్టుకొని కొంతసేపు మ్రింగలేదు. పిదప పెరటిలోనికి పోయి పందిరిక్రింద చాలసేపు నిలుచుండి వచ్చినది. సెలవులు ముగిసి అత్తవారింటికి బయలుదేరు దినమునకు విత్తుకాయలు రెండును ఎండి మ్రోగుచుండెను. ఒడిబియ్యము పోయునప్పుడు పసుపుకుంకుమలతోపాటు ఒక కాయ విత్తులన్నియు గుడ్డలో మూటగట్టి ఆమె ఒడిలో వేసితిని. "అంతయు నాకే ఇచ్చితివా వదినా, నీకో?" అన్నది. "రెండవది చూరునకున్నది. నా కుండ చెడిన నీ యింట నుండును, నీ కుండ చెడిన నా యింట నుండును" అంటిని.

సోదరీమణులారా, ఈ మాఘమున మీరు నాటు విత్తులలో ఒక్క పాదునైన విత్తునకు వదలుడు. ఆ విత్తును రెండు భాగములు చేసి, ఒకటి మీ చూరున, ఒకటి మీకు ప్రియమైన యింట నుంచుడు. వచ్చు మాసము చైత్రపు ఎండలో పాదులను కాపాడు విధమును, పండుఈగ బెడదకు ఉపాయమును వ్రాసెదను.